బస్సులో అడిగిన వయసు

పిట్లం నుంచి బాన్సువాడ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నామె పాదానికి పసుపు అద్దిన గుడ్డ కట్టుకుంది. నాట్లు వేస్తుంటే బురదలో తుప్పు రేకు కోసుకుందట.

"టీటీ సూది ఏయించుకున్నవా చెల్లె?" అన్నాను. నేను నర్సుని, అడగకుండా ఉండలేను.

"కడుపుతోని ఉన్నప్పుడు ఏసిన్రు గద. మల్లెందుకక్కా?"

ఆడవాళ్లలో చాలామందికి సూది అంటే కాన్పు ముందు వేసేదే. ఏ సంవత్సరమో గుర్తుండదు. అందుకే అప్పటిదాకా నేను పిల్లల వయసు అడిగి లెక్క కట్టేదాన్ని.

"పిల్లనా, పిల్లగాడా? ఇప్పుడెన్నేండ్లు?"

"పిల్లగాడే" అన్నది. వేళ్ల మీద లెక్కపెట్టలేదు, తడుముకోలేదు. "ఉంటే, గీ నాట్లకు పదకొండు నిండుతుండె."

బాన్సువాడ దగ్గరపడ్డాక, "పదేండ్లకోసారి మల్ల ఏయించుకోవాలె చెల్లె. బురదల తగిలిన గాయం, ఇయ్యాలనే పోదాం" అన్నాను.

దవాఖానలో చీటీ రాసే అమ్మాయి తలెత్తకుండానే అడిగింది, "ఆఖరి సూది ఎప్పుడు?"

ఆమె నోరు విప్పకముందే నేనన్నాను, "పదేండ్లు దాటింది. రాసుకో."