గీత ఉండాల్సిన చోటు

మూడుసార్లు ఉతికినా నా చీర కొంగుకు పట్టిన ఎనామిల్ పెయింటు వాసన వదల్లేదు. కోవూరులో మా డాబా మీద రెండు రోజులు ఎండలో వేశాను, సబ్బు రుద్దాక నిమ్మచెక్కతో కూడా రుద్దాను, అయినా దండెం పక్కగా పోతే చాలు, ఆ వాసన ముక్కుకు కొట్టి, ఆకాశనీలం పూసిన రాయీ, దాని మీద బంగారు రంగు అక్షరాలూ, పక్కనే నోరు తెరుచుకున్న డాల్ఫిన్ చెత్తబుట్టా కళ్ళ ముందుకొస్తున్నాయి. ఛీ! అసహ్యమనేది కుళ్ళినవాటి మీదే పుడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తళతళలాడే వాటి మీద కూడా పుడుతుందని అరవై దాటాక తెలిసింది.

మాది బోగోలు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊరు. ఏ కాలంలోనో దొరలు వచ్చి అక్కడ మిషను పెట్టి, ఒక బడి, ఒక గంటల గోపురం కట్టి, బడి వెనక తమ సమాధులు మిగిల్చి పోయారు. ఆ రాళ్ళన్నీ చెక్కింది మా తాత. మేం సాయిబులం, ఇంట్లో మాత్రం తెలుగు తప్ప వేరే మాట లేదు. తాతకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కాగితం మీద దొరసాని రాసిచ్చిన అక్షరాలను తీగల్లాగా, ఆకుల్లాగా చూసి చెక్కేవాడు. పొద్దున దొర సమాధికి సిలువ చెక్కిన ఉలితోనే మధ్యాహ్నం దర్గా గడపకు పువ్వులు చెక్కేవాడు. పని చేస్తున్నంతసేపూ దవడలో పొగాకు, పక్కన చెంబుతో నీళ్ళు, మధ్యమధ్య తడివేలితో రాయిని తడిమి, పసిబిడ్డ నుదురు చూసినట్టు చూసేవాడు.

కార్తీకంలో ముసురు పట్టిందంటే పిల్లలమైన మాకు ఆ బడి వసారానే ఇల్లు. గోపురం నిండా గబ్బిలాలు, కింద వాటి రెట్ట, తడిసిన గోడల చెమ్మవాసన, రేవు నుంచి గాలి తిరిగితే ఎండుచేపల కంపు. అయినా ఏనాడూ ముక్కు మూసుకున్న గుర్తు లేదు. గంట కొట్టే ఆయన కూతురు రూతు నా జోడు. రంజానుకు మా జేజి, అంటే నాయనమ్మ, చేసే సేమ్యాల పాయసం గిన్నెడు వాళ్ళింటికి పోయేది, క్రిస్మసుకు వాళ్ళమ్మ కజ్జికాయలు మా ఇంటికొచ్చేవి. దారిలోనే సగం మా ఇద్దరి కడుపుల్లోకి పోయేవనుకోండి. తొక్కుడుబిళ్ళ విసుగొస్తే వసారా గోడకున్న రాయి దగ్గరికి పరిగెత్తి, దాని మీది గీతను ఎగిరి అందుకునే ఆట ఆడేవాళ్ళం. అందినవాళ్ళు పెద్దవాళ్ళయినట్టు లెక్క. అందక నేను ఏడుస్తుంటే తాత చంకల కింద చేతులు వేసి పైకెత్తి, నా వేలు ఆ గీత మీద పెట్టించేవాడు.

ఆ రాయి కథ జేజి చెప్పగా విన్నది. మా నాయన చంటిబిడ్డగా ఉన్నప్పుడు పెద్ద ఉప్పెన వచ్చింది. ఊరంతా బడిలోకి పరిగెత్తింది. జేజి వసారాలో పిల్లల బల్ల ఎక్కి, బిడ్డను నెత్తిన పెట్టుకుని, నడుముదాకా నీళ్ళలో తెల్లారేదాకా నిలబడింది. "బల్ల ఎక్కినోళ్ళం మిగిలినాం, ఎక్కనోళ్ళు పోయినారు, అంతే," అనేది, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ. నీళ్ళు తీశాక గోడ మీద నురుగుచార ఇంకా ఆరకముందే, తాత ఎర్రటి జాజుమట్టి నీళ్ళలో తాడు ముంచి, ఇద్దరు మనుషుల చేత రెండు కొసలూ బిగలాగించి, ఆ చార మీద టప్పున కొట్టి ఎర్రగీత వేశాడు. తర్వాత గీతా, కింద ఒకటే ముక్కా చెక్కిన రాయిని సరిగ్గా ఆ ఎత్తున గోడలో పొదిగాడు: ఉప్పెన నీళ్ళు ఇంతదాకా వచ్చినాయి.

పేరు చెక్కుకోమని దొరసాని అడిగిందట. "నా పేరెందుకమ్మా, గీత ఉండాల్సిన చోట ఉండాల, అది చాలు," అన్నాడట తాత.

ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా ముందు తాడు పట్టుకుని బడికి వచ్చేవాళ్ళు. రాయి గీత నుంచి నేల దాకా కొలిచి, తాడుకు ముడేసుకుని పోయి, ఆ ముడికి పైనే అటక కట్టించుకునేవాళ్ళు. వడ్లు, పత్రాలు, పెళ్ళిచీరలు, దీపం బుడ్డి అన్నీ అటక మీదే. హిందువులు, క్రైస్తవులు, మేము, అందరిదీ ఒకటే ముడి. గాలి హోరు ఎక్కువైతే ముసలివాళ్ళను ఆ అటకల మీదికే ఎక్కించడం నా కళ్ళారా చూశాను.

పోయిన వారం రూతు ఫోన్ చేసింది. "ఏమే, మీ తాత రాయిని పీకినారు. వచ్చి చూస్కో," అంది. బస్సెక్కి పోయాను. ఊరు గుర్తుపట్టలేకపోయాను. చారిత్రక స్థలాలట, అందంగా తీర్చిదిద్దుతున్నారట. దొరల సమాధులకు గులాబీ రంగు! సమాధికి గులాబీ రంగు వేసే చెయ్యి ఎలాంటి చెయ్యో నాకిప్పటికీ అర్థం కాదు. గోపురం ముందు ఫోటోలకు ప్లాస్టిక్ పువ్వుల గుండె బొమ్మ, దాని కాలి దగ్గర అప్పుడే ఉమ్మిన గుట్కా మరక. వసారాలో రాయి ఉన్నచోట సిమెంటు మెత్తి, మీగడరంగు కొట్టి, ఆనవాలు లేకుండా చేశారు. రాయేమో బయట పచ్చిక మధ్యలో, జానెడు దిమ్మె మీద, గీత మోకాలెత్తున ఉండేట్టు, పెళ్ళికూతురిలా ముస్తాబై ఉంది.

పని చేయిస్తున్న కుర్రాడిని పిలిచి, అక్కడెందుకు పెట్టావయ్యా అని అడిగాను.

"ఆడ మూల్లో ఉంటే ఎవురికి కనపడతాదక్కా? ఈడైతే చిన్నపిల్లోళ్ళకి గూడా అందతాది."

"నాయనా, ఆ గీత నీళ్ళొచ్చిన ఎత్తు."

"రాసుండాది గదక్కా దానిమీద. చదవతార్లే."

చదివారు కూడా. రూతూ నేనూ చూస్తుండగానే కారు దిగిన ఒకామె, కూతురిని దిమ్మె పక్కన నిలబెట్టి ఫోటో తీస్తూ, "ఓస్, మోకాలిదాకానా! ఇంతేనా ఉప్పెనంటే!" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. జేజి నెత్తిన మా నాయన, ఆ రాత్రి పోయినవాళ్ళు, ఊరి అటకలన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయినట్టనిపించింది. ముందుకు తూలి రాయిని పట్టుకున్నాను. ఆరని రంగు కొంగంతా అంటుకుంది.

రూతు ఇంటికి పోయి, అరుగుకు పూసే జాజు చిన్న గిన్నెలో కలుపుకుని, బట్టలారేసే తాడు విప్పుకుని వచ్చింది. వసారాలోకి పోయి ఇద్దరం గోడకు వీపు ఆనించి నిలబడ్డాం. నా పెళ్ళినాటికి ఆ గీత సరిగ్గా నా కనుబొమల ఎత్తున ఉండేది. పొడుగు మనిషి గనక రూతుకు చెవి తమ్మె దగ్గర. గుర్తులు పెట్టి వెనక్కి తిరిగి చూస్తే రెంటికీ రెండు వేళ్ళ తేడా.

"నువ్వు కుంగినావే," అంది రూతు.

"నువ్వేమన్నా పెరిగినావా!"

తేల్చి చెప్పడానికి మాకంటే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎలాగూ ఇద్దరం కుంగి ఉంటామని, పై గుర్తుకు ఇంకో రెండు వేళ్ళు కలిపి, చెరో కొసా పట్టి, తాత కొట్టినట్టే టప్పున కొట్టాం. మీగడరంగు గోడ మీద ఎర్రగా, నిండుగా పడింది గీత.

కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అయ్యో, గోడ పాడుచేసినారే! నిన్ననే గదక్కా రంగేసింది!"

"తుడుచుకో నాయనా," అంది రూతు, తాడు చుట్టుకుంటూ. "ఉప్పెనొచ్చినప్పుడు మాత్రం పొయ్యి నీ దిమ్మె కాడ నిలబడు."

ఈపాటికి తుడిచేసే ఉంటారు. నా కొంగు పెయింటు వాసన కొడుతూనే ఉంది. వేళ్ళకంటిన జాజు మాత్రం ఆ రోజే, బస్టాండు కుళాయి కింద చెయ్యి పెట్టగానే, మొదటి నీళ్ళకే పోయింది.