కాంటా మీద బాపు

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మా నాన్న గుండె అలిసిపోయింది. మేం బాపు అని పిలిచేవాళ్లం. ఒంట్లో నీరు నిలిచి కాళ్లు వాచేవి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నీరు దిగడానికి వారం వారం రామన్నపేట నుంచి నల్గొండ తీసుకుపోయి పాదరసం సూది వేయించేవాళ్లం. మూత్రపిండాలు ఇక తట్టుకోలేవని డాక్టరు దాన్ని ఆపి, కొత్తగా వచ్చిన చిన్న తెల్ల బిళ్ల ఇచ్చాడు. రోజుకొకటి. ఉప్పు పూర్తిగా బంద్. రోజూ పొద్దున బరువు చూడాలి. రెండు రోజుల్లో కిలో పెరిగితే నీరు మళ్లీ చేరుతున్నట్టే. ఈ బిళ్ల పనిచేయకపోతే తన చేతిలో ఇంకేమీ లేదని నన్నొక్కణ్ణే బయటికి పిలిచి చెప్పాడు.

నేను బడికి పోయింది తక్కువ. మగ్గం దగ్గర పోగులు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నాను. నూలు తూచే కాంటా మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది. రోజూ బాపును దాని పలక మీద కూర్చోబెట్టి, వచ్చిన అంకె రాసుకునేవాణ్ణి.

"మామా, నిన్ను గూడ నూలుతోని అమ్ముతున్నరా?" అన్నాడు పక్కింటాయన ఒకరోజు.

"తడి నూలు. ఎవడు కొంటడురా?" అన్నాడు బాపు.

ఎనిమిది రోజుల్లో యాభై ఎనిమిది కిలోల నుంచి యాభై నాలుగుకు దిగాడు. చాప మీద వెల్లకిలా పడుకోగలిగాడు. తొమ్మిదో రోజు అరకిలో పెరిగింది. పదో రోజు ఇంకో అరకిలో. ఖాళీ కాంటా సరిచూశాను. బిళ్లలు లెక్కపెట్టాను, సరిపోయాయి. కూర రుచి చూశాను, చప్పగానే ఉంది. ఇక ఏమీ తోచక వంటింటి గడపలో కూర్చున్నాను.

బిళ్ల వేసుకున్నాక బాపు నాలుగైదుసార్లు మూత్రానికి బయటికి పోయి వచ్చాడు. అమ్మ గిన్నెలో జొన్న అంబలి పోసి, అందులో ఉప్పు వేసి కలిపింది. ఎన్ని రోజులైందని అడిగాను. మూడొద్దులంది.

"సత్తువంత నీళ్లై పోతాంది. గంజి దిగిన పోగు లెక్క అయిండు. జర ఉప్పేసిన, గంతే."

"బరువు తగ్గితేనే బతుకుతడమ్మా."

"గిట్ల తగ్గుకుంట పోతే మిగిలేదేంది?"

రోజూ అంకె రాస్తూ నేనూ అదే భయపడుతున్నాను. ఏ అంకె దగ్గర నీరు అయిపోయి మనిషి మొదలవుతాడో నాకు తెలియదు.

మరుసటి బస్సుకే నల్గొండ పోయి డాక్టరును అదే అడిగాను. ముందు ఉప్పు ఆపమన్నాడు. మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడని రోజు వచ్చే బరువే మనిషి సొంత బరువు, దాని కంటే బాగా దిగినా తన దగ్గరికి రమ్మన్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. తను నమ్మిందో లేదో తెలియలేదు గానీ, అంబలి చప్పగానే ఇచ్చింది.

ఉప్పు ఆపిన ఆరో రోజు అంకె యాభై మూడున్నర. ఇంటికి రాగానే అమ్మ బాపు కాలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కి చూసింది.

"నొస్తాందే," అన్నాడు బాపు.