గుప్పిట్ల ఉంగరం

నిన్న మా బిడ్డ కొత్త బేస్‌బాల్ గ్లవ్‌కు కొబ్బరినూనె రుద్దుతుంటే, ఆ తోలు వాసనకు రోజత్త పెండ్లి యాదికొచ్చింది.

రోజత్త మా నాన్న చెల్లె. బేస్‌బాల్ క్యాచర్. బ్యాటు పట్టినోళ్ల వెనక గొంతుక్కూసొని, దూసుకొచ్చే బంతిని పట్టుడే ఆమె పని. ఆ ఆటతోనే ఉద్యోగం వచ్చింది. బంతి పట్టినంక అంపైర్ చూసి ఔట్ అనేదాకా విడువొద్దని నాకు నేర్పింది.

పెండ్లి ఖానాపురం హవేలి ఊరి చర్చిల. నాకు ఎనిమిదేండ్లు. ఆమె చేతులకున్న తెల్ల గ్లవ్స్ గూడ ఆటవే అనుకున్న. ఉంగరం కోసం అవి తీస్తే, బంతులు తగిలి తగిలి వంకరపోయిన వేలు బయటపడ్డది. ఉంగరం కణుపు దాటలే. పెండ్లికొడుకు గట్టిగ నెట్టేసరికి జారి ఎగిరింది.

కింద పడకముందే రోజత్త పెండ్లిచీరతోనే గొంతుక్కూసొని ఒంటిచేత్తో పట్టింది. చర్చి మొత్తం నోరెళ్లబెట్టింది.

"పెండ్లైనంక ఆట బంద్ అన్నం గద, గిదేంది పిల్లా!" అన్నది పెండ్లికొడుకు తల్లి.

"గుప్పిట తెరువమ్మా," అన్నరు పాస్టరు గారు. ఆమె తెరవలే. మళ్లా అడిగినా తెరవలే.

నేను బెంచీ ఎక్కి అరిచిన: "పాస్టరు గారూ, ఔట్ అనుండ్రి, ఇస్తది!"

అందరు నవ్విండ్రు. రోజత్త నవ్వలే. నన్నే చూసుకుంట మెల్లగ గుప్పిట విప్పింది. ఉంగరం చిటికెన వేలికి తొడిగిండ్రు.

మళ్లెన్నడు ఆమె గ్లవ్ ముట్టలే. ఆ గుప్పిట ఎందుకు బిగించిందో నాకు తెలిసేసరికి నా పెండ్లి గూడ అయిపోయింది. దాన్ని తెరిపించింది మాత్రం నేనే.