కెనడాలో తప్పిపోయిన అత్తగారు

మా మావయ్యగారు నాలుగు నెలలుగా ఎవరినీ ఏమీ అడగలేదు. కూరలో ఉప్పు లేకపోయినా అడగలేదు. పెడితే తిన్నారు, పెట్టకపోతే ఊరుకున్నారు. అలాంటి మనిషి నవంబరులో ఒక శనివారం పొద్దున్నే స్నానం చేసి, కోటూ బూట్లూ తొడుక్కుని హాల్లోకి వచ్చి, "ఇవాళ కెనడా వెళ్దామా?" అన్నారు. నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"నాన్నా, బయట ఫాగ్ చూశావా? ఎదురిల్లే కనబడట్లేదు. నెక్స్ట్ వీక్ ప్లాన్ చేద్దాం, హోటల్ కూడా బుక్ చేస్తాను" అని మొదలుపెట్టాడు మా ఆయన. నేను వంటింట్లోంచే కళ్ళురిమాను. మనిషి నోరు తెరిచి ఒకటి అడిగారు, అదే పదివేలు. దానికి వచ్చే వారం, హోటలూ అని సాగదీస్తాడా! "సాయంత్రానికి వచ్చేస్తాం. పదండి పదండి" అని స్టవ్ ఆపేశాను. దోసెల పిండి తిరిగి ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

మేముండేది అమెరికాలో, కెనడాకి దగ్గరగా ఉన్న బాతెల్‌లో. సరిహద్దు మాకు రెండు గంటల దారి కూడా కాదు. వేసవిలో అత్తగారూ మావయ్యగారూ కాకినాడ నుంచి వచ్చినప్పుడు, ఆవిడకు వాంకూవర్ చూపించాలని ఇద్దరికీ కెనడా వీసాలు ముందే వేయించి ఉంచాం. వచ్చిన రెండో నెలలో ఆవిడ పోయారు. పొద్దున కాఫీ తాగి, నా కాఫీలో డికాక్షన్ ఎక్కువైందని వెక్కిరించి, మంచం మీద కాసేపు నడుం వాల్చారు. మళ్ళీ లేవలేదు. నా నోరు మంచిది కాదని ఆవిడా, ఆవిడ నోరు నాకంటే ఏం తీసిపోలేదని నేనూ రోజూ అనుకునేవాళ్ళం. ఆవిడ లేకపోతే ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళే లేరు. ఇది ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, ఆవిడంటే నాకు ప్రాణం.

శవాన్ని అంత దూరం పంపలేక ఇక్కడే సమాధి చేశాం. మా తెలుగు చర్చి వాళ్ళందరూ వచ్చారు. పాటలు పాడారు, వంతులేసుకుని వారమంతా భోజనాలు తెచ్చారు, అమ్మగారు ప్రభువునందు నిద్రించారని ఓదార్చారు. మావయ్యగారు తల ఊపారంతే. ఆయన నోటి వెంట మాత్రం ఆవిడ పోయిందన్న మాట ఏ రూపంలోనూ రాలేదు.

ఆయన ఇక్కడ ఉండటానికి ఇచ్చిన ఆరు నెలల గడువు ఆ నెలాఖరుతో అయిపోతోంది. తిరుగు టికెట్ మాట ఎత్తితే చాలు, లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. ఒక్కసారి నాతో మాత్రం, "మీ అత్తయ్యని ఒక్కదాన్నీ ఈ వానలో వదిలేసి ఎలా వెళ్ళమంటావమ్మా?" అన్నారు. గడువు దాటి ఉండిపోతే వీసా పోతుంది. మళ్ళీ రానివ్వకపోతే ఆ సమాధిని కూడా ఆయన జన్మలో చూసుకోలేరు. మా ఆయన ఈ సంగతి చెప్పబోయి ప్రతిసారీ మధ్యలోనే ఆపేసేవాడు. కాకినాడలో మా ఆడపడుచు రోజూ ఫోన్ చేసి ఏడ్చేది. ఇంట్లో అదొక్కటే గొడవ, అదెలా తెగుతుందో ఎవరికీ తెలియదు.

ప్రయాణమంటే కాగితాలన్నీ ఇంటి పెద్ద దగ్గరే ఉండాలని మా మావయ్యగారి పద్ధతి. మా ఇద్దరి అమెరికా పాస్‌పోర్టులూ అడిగి తీసుకుని, రబ్బరు బ్యాండు వేసి తన చేతిసంచిలో పెట్టుకున్నారు. కారు మా ఆయన నడిపాడు, నేను ముందు సీట్లో, మావయ్యగారు మా ఆయన వెనక కూర్చున్నాం. సీటు బెల్టు పెట్టుకున్న చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ ఇంకోసారి అదే చప్పుడు. మొదటిసారి సరిగ్గా పడలేదేమో అనుకున్నాను.

దారంతా పొగమంచే. ముందు వెళ్ళే బండి ఎర్ర దీపాలు తప్ప ఏమీ లేవు. స్కాజిట్ దగ్గర పొలాలన్నీ మాయమైపోయాయి. ఎప్పుడూ ఏదో ఒక పాడ్‌కాస్ట్ పెట్టే మా ఆయన ఆ రోజెందుకో ఏమీ పెట్టలేదు. వెనక నుంచి మావయ్యగారు సన్నగా ఏదో అంటున్నట్టు రెండుసార్లు అనిపించింది. "ఏంటి మావయ్యగారూ?" అంటే, "ఏం లేదమ్మా" అన్నారు.

కెనడా గేటు దగ్గర మావయ్యగారు వెనక నుంచి చెయ్యి చాపి పాస్‌పోర్టుల కట్ట ఇచ్చారు. మా ఆయన అది చూసుకోకుండానే కిటికీలోంచి అందించాడు. లోపల కూర్చున్న ఆఫీసరు వాటిని ఒక్కొక్కటే మెషీన్ మీద పెట్టి తీశాడు. "అందరూ ఒకటే కుటుంబమా? సాయంత్రం అందరూ తిరిగి వెళ్తారా?" అని అడిగాడు. "అందరం వెళ్తాం" అన్నాడు మా ఆయన. ఆఫీసరు కొంచెం వంగి వెనక సీటులోకి చూశాడు. మావయ్యగారికేసి కాదు. ఆయన్ని దాటి నా వెనకాల ఉన్న సీటు వైపు చూసి, పెద్దవాళ్ళు కనబడితే పలకరించినట్టు చిన్నగా తలవంచి నవ్వాడు. వెళ్ళమని చెయ్యి ఊపాడు.

వెనక్కి తిరిగి చూశాను. నా వెనక సీట్లో మా అత్తగారి గోధుమరంగు ఉన్ని కోటు ఉంది. నిటారుగా నిలబెట్టి, దానికి సీటు బెల్టు పెట్టి ఉంది. మావయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, అదేం పెద్ద విషయం కానట్టు. యేసయ్యా అనుకుని ముందుకు తిరిగి కూర్చున్నాను. దయ్యాలూ భూతాలూ లేవని చర్చిలో సండే స్కూలు పిల్లలకి చెప్పేది నేనే. "ఆర్ యు ష్యూర్, ఆంటీ?" అని వాళ్ళు అడిగితే నవ్వేదాన్ని కూడా. ఆ పూట ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పగలిగేదాన్ని కాదు.

మా ఆయనతో చెబుదామంటే చెప్పడానికేముంది? కోటుకి బెల్టు పెట్టారని చెప్పాలా, ఆఫీసరు దానికి నమస్కారం పెట్టాడని చెప్పాలా? నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటేనే మా ఆయనకి అనుమానం వచ్చి, "ఏమైంది?" అన్నాడు. "ఆకలేస్తోంది, ఎక్కడైనా ఆపు" అన్నాను.

సర్రీలో ఒక పంజాబీ హోటల్లోకి వెళ్ళాం. ఎంతమంది అని వాకిట్లో అమ్మాయి అడిగేసరికి, మేము నోరు తెరిచేలోపే మావయ్యగారు నాలుగు వేళ్ళు చూపించారు. ఆ అమ్మాయి నలుగురి బల్ల దగ్గర కూర్చోబెట్టి నాలుగు గ్లాసుల్లో నీళ్ళు పోసి వెళ్ళింది. మా ఆయన మెనూ కార్డులోంచి తల ఎత్తలేదు. అక్షరాలు చదవట్లేదని నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే కార్డు తలకిందులుగా పట్టుకున్నాడు. మావయ్యగారు మాత్రం నాలుగు నెలల్లో మొదటిసారి రెండో రొట్టె అడిగి వేయించుకున్నారు. అది చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు నాకు. నాలుగో గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత వైట్ రాక్‌లో సముద్రం దగ్గరికి వెళ్ళాం. అక్కడ నీళ్ళలోకి పొడుగాటి చెక్క వంతెన ఉంది. నాలుగడుగులు వేస్తే ఒడ్డు కనబడటం మానేసింది, సముద్రం కూడా లేదు, చెక్కల కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు మాత్రం ఉంది. మావయ్యగారు ముందు నడిచారు. వంతెన నిండా చోటున్నా ఒక అంచుకి ఒదిగి, పక్కన ఇంకొకరికి చోటు వదిలి నడుస్తున్నారు. నేను వెనకాలే ఉన్నాను. "మెల్లిగా. చెక్కలు తడిగా ఉన్నాయి" అన్నారాయన. నాతోనేమో అనుకుని "సరే మావయ్యగారూ" అన్నాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశారు. నేనక్కడ ఉన్నానని ఆయనకి గుర్తే లేదు.

ఇక నావల్ల కాలేదు. "చలి ఎక్కువగా ఉంది, వెళ్ళిపోదాం" అని ఇద్దర్నీ కారెక్కించాను. కోటుకి మళ్ళీ బెల్టు పెట్టిన చప్పుడు విన్నాను. తిరిగి చూడలేదు.

అమెరికా వైపు గేటు దగ్గరికి వచ్చేసరికి వెలుగు తగ్గుతోంది. ఒక కుర్ర ఆఫీసరు పాస్‌పోర్టులు తీసుకుని, మెషీన్ మీద పెట్టి, ఆగాడు. కారులోకి చూశాడు. మళ్ళీ చేతిలోకి చూశాడు. ఇక్కడ నాలుగు పాస్‌పోర్టులున్నాయి, మనుషులు ముగ్గురే ఉన్నారు, నాలుగో ఆమె ఎక్కడ అన్నాడు. మా ఆయన నవ్వి, "నో, త్రీ" అన్నాడు. ఆ అబ్బాయి నాలుగోది తెరిచి ఫొటో వైపు తిప్పి చూపించాడు. మా అత్తగారు.

ఆ పాస్‌పోర్టు రద్దు చేయించడానికి పంపాలని మా ఆయన నెలల తరబడి అడిగినా, ఎక్కడ పెట్టానో గుర్తులేదన్నారు మావయ్యగారు. మా ఆయన ఆ ఫొటో చూసి పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపాడు. నేనే చెబుదామనుకునేలోపు వెనక నుంచి మావయ్యగారు నెమ్మదిగా, స్పష్టంగా అన్నారు.

"షి ఈజ్ విత్ అజ్."

అయిపోయింది, అనుకున్నాను. ఆ అబ్బాయి మొహం మారిపోయింది. ఇంజను ఆపమన్నాడు, చేతులు కనబడేలా పెట్టమన్నాడు. ఎవరితోనో రేడియోలో మాట్లాడాడు. మా కారుని పక్కన ఒక షెడ్డు కిందికి పంపి, మమ్మల్ని దింపి గోడ పక్కన నిలబెట్టారు. ఇద్దరు ఆఫీసర్లు టార్చిలైట్లు పట్టుకుని కారు నాలుగు తలుపులూ తెరిచారు. సీట్ల కింద చేతులు పెట్టి చూశారు. కోటుకి పెట్టిన సీటు బెల్టు తీసి, కోటు దులిపి, పక్కన పడేశారు. డిక్కీ తెరిచి, లోపల పరిచిన అట్ట కూడా ఎత్తి చూశారు. వాళ్ళు వెతుకుతున్నది మా అత్తగారి కోసం. నాకు గట్టిగా అరవాలనిపించింది. మావయ్యగారు గోడ దగ్గర్నుంచి కదిలి కారు దాకా వెళ్ళిపోతే, వాళ్ళలో ఒకతను వెనక్కి రమ్మని కేకేశాడు.

లోపల ఆఫీసరు ఒక పెద్దావిడ మా ఎదురుగా కూర్చుంది. నెరిసిన జుట్టు, మెత్తని గొంతు. కంప్యూటర్ చూస్తూ, ఈవిడ ఈ ఉదయం మీతోపాటు కెనడాలోకి వెళ్ళినట్టు ఉంది, తిరిగి రాలేదు, ఎక్కడ వదిలి వచ్చారు అని అడిగింది. చనిపోయిన మనిషి పొద్దున్న మా కార్లో దేశం దాటిందట! మా ఆయన ఫోనులో మరణ ధ్రువపత్రం వెతికి బల్ల మీద పెట్టాడు. ఆవిడ అది చదివింది. పాస్‌పోర్టులో పేరుతో సరిచూసింది. మళ్ళీ చదివింది. తర్వాత కుర్చీ మావయ్యగారి వైపు తిప్పుకుంది.

"సర్, మీ భార్య ఎక్కడున్నారు?"

ఇప్పుడు ఇంకోసారి అత్తయ్యగారు మాతోనే ఉందన్నారంటే, ఈయన వీసా ఇక్కడే చిరిగిపోతుంది. ప్రభువా, ఒక్క మాట, ఒక్క మాట సరిగ్గా చెప్పించు అని లోపల మొక్కుకున్నాను. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, టెలిఫోన్ల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. అయినా నా వైపు తిరిగి తెలుగులో అన్నారు.

"చనిపోయిందని చెప్పమ్మా."

రోజంతా ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషే అయినా రెండు ముక్కలు కూడబలుక్కోవాల్సి వచ్చింది. ఎలాగో చెప్పాను. ఆ పెద్దావిడ తల ఊపి, రికార్డు సరిచేయిస్తానంది, ఆ పాస్‌పోర్టు మన కాన్సులేటుకి పంపించమంది. ఇంకొక్క ప్రశ్న, మీరు ఎప్పుడు తిరిగి వెళ్తున్నారు అని మావయ్యగారిని అడిగింది. ఈసారి ఆయన నా వైపు చూడలేదు. "దిస్ మంత్ ఎండ్" అన్నారు. మా ఆయన చటుక్కున ఆయన మొహంలోకి చూశాడు.

మమ్మల్ని పోనిచ్చారు. కోటు వెనక సీట్లో వాళ్ళు పడేసిన చోటే ముద్దగా పడి ఉంది. మావయ్యగారు దాన్ని సర్దలేదు. ఆయన బెల్టు చప్పుడు ఒక్కసారే వినిపించింది. సరిహద్దు పక్కనున్న బ్లెయిన్ ఊరు దాటాక ఇక ఆపుకోలేకపోయాను.

"మావయ్యగారూ, నెలాఖరుకి వెళ్తానని ఆ ఆఫీసరావిడ అడిగిందని అన్నారా, నిజంగానే అన్నారా?"

"నిజంగానేనమ్మా. టికెట్ తీయమను."

"మరి అత్తయ్యగారు..."

ఆయన కొంచెం ముందుకి వంగి అన్నారు.

"పొద్దుట్నుంచీ నా పక్కనే కూర్చుందనుకున్నానమ్మా. ఒట్టు. వాళ్ళు డిక్కీ తెరిచి వెతికారు చూడు, అప్పుడు నేనూ వెళ్ళి తొంగి చూశాను." గొంతు సవరించుకున్నారు. "లేదమ్మా."

మా ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు.