పూతరేకు ఎటు ఎగిరింది?

అప్పలస్వామి పేరు చెబితే అల్లవరం రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు వాటంతటవే లేచి తిరుగుతాయనేవారు. నీళ్ళు చిమ్మి రొయ్యలకు గాలి అందించే మోటారు చక్రాలవి. అవి ఆగితే రొయ్య తేలుతుంది, రైతు మునుగుతాడు. తరవాత తెగులొచ్చి చెరువులెండిపోయాయి. స్వామేమన్నా చేతులు ముడుచుకు కూచునే రకమా? అమలాపురం ఎర్రవంతెన దగ్గర రేకుల షెడ్డు వేసి కార్ల రిపేర్ల మీద పడ్డాడు. "తిరిగేదేదైనా ఒకటేనండీ! చెరువులో తిరిగితేనేం, రోడ్డు మీద తిరిగితేనేం?" అనేవాడు. పనిమంతుడే, కాదనను. ఒక్కటే జబ్బు. తన చెయ్యి పడినచోట తప్పుందంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

రెండు వేల సంవత్సరంలో సూరయ్యగారి తెల్ల మారుతి కారుకు వింత రోగం పట్టుకుంది. అది అద్దె కారు, ఆయన ఇల్లు గడిచేది దాని మీదే. రావులపాలెం రోడ్డు మీద జోరుగా పోతుంటే చల్లగా ఉండేది. సంతలోనో ఊరేగింపులోనో నెమ్మదిగా నడిపితే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పాకేది. ఊరేగింపుకు పనికిరాని అద్దె కారును కోనసీమలో ఎవడు పిలుస్తాడు? రేడియేటరు కడిగించారు, నీళ్ళ పంపు మార్చారు. మండపేటలో ఒకాయన ఇంజనే విప్పాలన్నాడు. వేసవిలో రేడియేటరు వెనక తను బిగించిన కొత్త ఫ్యానును మాత్రం స్వామి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "గిర్రున తిరుగుతోంది కనపడ్డంలేదా?" అని కసిరేవాడు.

శ్రావణమాసంలో సూరయ్యగారు షెడ్డుకొచ్చారు.

"సాయంత్రం బుజ్జమ్మగారి అమ్మాయి పెళ్ళి స్వామీ. పెళ్ళికొడుకు మన కార్లోనే ఊరేగుతాడు. ఇదే ఆఖరు బేరం. రేపు జొన్నాడ ఆయనొచ్చి కారు కొనుక్కుపోతాడు. ఇవాళొక్కపూట నా పరువు నిలబెట్టు, పక్కనే నడువు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు స్వామి.

గడియార స్తంభం దాకా బాగానే నడిచింది. బ్యాండు మేళం ఊపందుకుంది, కారు చీమనడక పట్టింది. అంతే!

"స్వామీ, ముల్లు లేచిపోతోందిరోయ్!" అని స్టీరింగు దగ్గర్నుంచి సూరయ్యగారు కేకేశారు.

ఊరేగింపు ఆగిపోయింది. "పెళ్ళికొడుకుని దింపండి, కారుకి ఆయాసమొచ్చింది!" అని కుర్రకారు ఈలలు. పూతరేకుల పళ్ళెంతో ఎదురొచ్చిన పెళ్ళికూతురి తల్లి బుజ్జమ్మగారు స్వామి ముఖం చూసి జాలిపడ్డారు. "చెమటలు కారిపోతున్నాయి బాబూ, ముందిది నోట్లో వేసుకోండి," అని ఓ పూతరేకు చేతిలో పెట్టేరు.

తినే తీరికెక్కడ? అది చేత్తో పట్టుకునే స్వామి కారు ముందు గొంతుక్కూచుని, ఫ్యాను చప్పుడు వినడానికి జాలీ దగ్గర చెవి పెట్టాడు. పూతరేకు అంచు ఒక పొర చిరిగి, రివ్వున వచ్చి అతని మీసానికే అతుక్కుంది. పంచదార పొడి కళ్ళల్లో పడింది. వెనకే వేడిగాలి!

స్వామి కళ్ళు నులుముకున్నాడు. ఇంకో పొర చింపి జాలీ ముందు పట్టాడు. అదీ ఎగిరొచ్చి ముఖాన పడింది. ఓరి దేవుడా! ఫ్యాను గాలిని లోపలికి లాగాలి. ఇది బయటికి తోస్తోంది! జోరు మీద ఎదురుగాలి దీన్ని నెట్టుకుని లోపలికి పోతుంది కాబట్టి సరిపోయింది. నెమ్మదిగా నడిస్తే ఆ ఎదురుగాలి ఉండదు, వేడి కదలదు.

వేసవి పని కళ్ళముందు కదిలింది. కొత్త ఫ్యాను మొదట లోపలికే లాగింది. "ఇంజను మీదికి గాలేమిటి, వేడిని బయటికి చిమ్మాలి గాని!" అని చెరువు లెక్కలు వేసి, ఏరియేటరును తిప్పినట్టే రెండు తీగలూ అటుదిటూ ఇటుదటూ మార్చింది ఎవరు? తనే! పైగా అదో గొప్ప తెలివనుకుని మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు ఆ తీగలు గప్‌చుప్‌గా మార్చేసి, "లూజు కనెక్షనండీ" అంటే అడిగే నాథుడు లేడు. స్వామి చెయ్యి అటే వెళ్ళింది. అప్పుడే సూరయ్యగారు కారు దిగి దాని నెత్తి నిమురుతూ, "నువ్వేం చేస్తావులే స్వామీ. దీని జాతకమే అంత. రేపటితో వదిలిపోద్ది," అన్నారు.

స్వామికి ఒళ్ళు మండిపోయింది, తన మీద తనకే.

"జాతకం కాదండీ, నా చెయ్యి!" అని బ్యాండును మించి అరిచాడు. "తీగలు తిరగేసింది నేనేనండీ! కారు బంగారం, దాన్ని అమ్మకండి!"

మేళం ఠక్కున ఆగింది. నిమిషంలో తీగలు మార్చి, టేపు చుట్టి, మిగిలిన పూతరేకు జాలీ ముందు పట్టాడు. టప్పున జాలీకి అతుక్కుపోయింది! "లాగుతోందండోయ్!" అని స్వామి గంతేశాడు. ముల్లు మెల్లగా దిగింది. కుర్రకారు కేకలు మిన్నంటాయి. సూరయ్యగారు మాత్రం కళ్ళెర్రజేసి, "నాలుగు నెలలు చంపేవు కదరా!" అని వీపు మీద ఒక్కటిచ్చారు. తరవాత ఆ చేత్తోనే భుజం పట్టుకుని కార్లో తన పక్కన కూచోబెట్టుకున్నారు.

మర్నాడు జొన్నాడ ఆయన వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. ఆ కారు మరో ఏడేళ్ళు పెళ్ళికొడుకుల్ని మోసింది. షెడ్డుకు ఏ కారొచ్చినా స్వామి బానెట్టు ఎత్తుతూనే అడిగే మొదటి మాట మాత్రం మారిపోయింది.

"ఇందులో ఇదివరకు నా చెయ్యి ఎక్కడ పడిందండీ? ముందక్కడ చూద్దాం."