మేడమ్ మైసూర్‌పాక్ తెప్పించే రోజు

రసాయనం వేసిన క్యాన్సర్ గడ్డ ముక్కకు గోధుమరంగు బాగా పట్టిందంటే చాలు, మా ల్యాబు మేడమ్ మైసూర్‌పాక్ తెప్పించేది. బొమ్మసంద్రలో నా మొదటి ఉద్యోగం ఆమె కిందే. ఒక జీన్ ఎంత రెచ్చిపోయి ఉందో ఆ రంగు చెబుతుంది. రంగు ఎక్కువైతే రోగికి ఆయుష్షు తక్కువ. కానీ మేం పరీక్షిస్తున్న ఇమ్యునోథెరపీ మందు గురిపెట్టేది ఆ జీన్ మీదే. రంగు లేని రోగులు ఆమెకు అక్కర్లేదు.

బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే ఒకామె గడ్డకు రంగు బాగా పట్టింది. రిపోర్టుకొచ్చిన భర్తకూ మేడమ్ స్వీటు పెట్టింది. "సూపర్‌గా వచ్చింది. మందు మొదలుపెడదాం," అంది. ఇక్కడ శుభవార్తకు మైసూర్‌పాక్ ఆనవాయితీ అనుకున్నాడు కాబోలు, కొన్ని నెలలకు రెండో పరీక్ష ఫలితం కోసం వచ్చినప్పుడు తనే ఒక డబ్బా తెచ్చాడు.

మేడమ్ డబ్బా ముట్టుకోలేదు. "ఈసారి రంగు లేదు," అంది.

"పోయిండాదా మేడమ్? మా ఆమె బతికినట్టే కదా!" అతను చేతులు జోడించాడు.

"ఆ జీన్ రెచ్చిపోయిన కణాలు చచ్చాయి. అలా కానివి పెరుగుతున్నాయి. ఈ మందు ఇక పనిచేయదు. ఆమెను ట్రయల్ నుంచి తీసేస్తున్నాం."

అతను బయట బెంచీ మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మేడమ్ ఇంకొకరి స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టింది. కాసేపటికి ఆమె మొహం వెలిగింది. నేను స్వీటు షాపుకు లేచాను.

"అంత దూరం ఎందుకు?" అంది, కన్ను తీయకుండానే. "బయట అతని దగ్గర ఉందిగా, అడుగు."