నాన్న నన్ను పొగిడిన రోజు

పన్నెండేళ్లలో ఏడు ఫుట్‌బాల్ క్లబ్బులకు స్ట్రైకర్‌గా ఆడాను. కలకత్తా, గోవా, షిల్లాంగ్, లూధియానా, మళ్లీ కలకత్తా... ఏడు క్లబ్బులంటే గొప్పగా వినిపిస్తుంది కానీ, ఏడుసార్లు వద్దనిపించుకున్నానని దాని అర్థం. గోల్ కొట్టినన్నాళ్లూ భుజాన మోస్తారు. నాలుగు మ్యాచ్‌ల్లో గోల్ పడకపోతే కూరలో కరివేపాకులా తీసిపారేస్తారు. నా మోకాలు పోయాక ఆఖరి క్లబ్బు ఫోన్ కూడా చెయ్యలేదు. నా పేరు లేని జాబితా ఒకటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

అండమాన్‌లో, బ్రూక్షాబాద్‌లోని మా ఇంటికి తిరిగొచ్చేసరికి నాకు ముప్పై రెండు. అప్పుడే రంగత్‌లో ఒక బడికి ఫుట్‌బాల్ కోచ్ కావాలన్నారు. ఆ ఉద్యోగానికి నాకంటే తగినవాడు ఈ దీవుల్లో లేడని ఇప్పటికీ అంటాను, పొగరనుకున్నా సరే. మెలికల్లా ఒకటే. స్థానికుడినని సర్టిఫికెట్ కావాలి. నేను పుట్టింది ఇక్కడే, మోకాళ్లు చీరుకున్నదీ ఇక్కడి మట్టిలోనే. అయినా ఇన్నేళ్లుగా ఎక్కడికీ పోకుండా ఇక్కడే ఉంటున్నానని పట్వారీ ఇంటికొచ్చి, విచారించి రాయాలట. మెయిన్‌లాండ్‌లో ఏ జట్టులోనైనా నన్ను 'అండమాన్' అనే పిలిచేవాళ్లు. ఇంటికొస్తే నువ్వు అండమాన్ వాడివేనా అని అడుగుతున్నారు.

నాన్న జెట్టీలో పనిచేసి రిటైరయ్యాడు. మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి బంతి వెనక పరిగెత్తే కొడుకుని దారి తప్పినవాడి కింద జమకట్టేశాడు. నా మ్యాచ్ టీవీలో వస్తోందని అమ్మ పిలిస్తే, పెరట్లోకెళ్లి కొబ్బరి మట్టలు ఏరుకునేవాడట. సెలవుకి ఇంటికొస్తే "తిన్నావా" అనేవాడు, అంతే. ఆ నోట ఒక్క మంచి మాట కోసం ముప్పై దాటాక కూడా కాచుక్కూర్చున్నానని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

నేను ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నానని చెప్పమని అమ్మకీ, ఇరుగుపొరుగుకీ ముందే చెప్పి ఉంచాను. నాన్నకి చెప్పలేదు. ఆయన్ని అబద్ధమాడమనే ధైర్యం నాకు లేదు. నా ఖర్మకొద్దీ పట్వారీ వచ్చిన మధ్యాహ్నం వరండాలో ఉన్నది ఆయనే. కుర్రాడు ఇక్కడే ఉంటాడా అని పట్వారీ హిందీలో అడిగాడు. అతనికి తెలుగు అర్థమవుతుందని తెలిసి నాన్న మా యాసలోనే అందుకున్నాడు.

"ఇక్కడెందుకుంటాడు భాయ్‌సాబ్? ఈడు ఇల్లొదిలి బారా సాల్ అయిపోనాది. కలకత్తా, గోవా, షిల్లాంగ్... ఈడు ఆడని ఊరేది? ఈడి బాబునని జెట్టీలో నాకు కుర్సీ ఏసి కూకోబెట్టేవోరు. ఈ గల్లీలో ఇంకెవుడెల్లాడు అంత దూరం?"

క్లబ్బుల పేర్లు వరసగా చెప్పాడు. ఎక్కడ ఎన్నాళ్లున్నానో నెలలతో సహా చెప్పాడు. షిల్లాంగ్‌లో ఆఖరి నిమిషంలో తలతో కొట్టిన గోల్ గురించి చెప్తూ లేచి నిలబడ్డాడు. పట్వారీ అన్నీ శ్రద్ధగా రాసుకుంటున్నాడు.

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆ కాగితం మీద ఏం పడుతోందో నాకు తెలుస్తూనే ఉంది. "నాన్నా, ఆగు" అంటే సరిపోయేది. అనలేదు.

సర్టిఫికెట్ రాలేదు. ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఎందుకివ్వలేదని నాన్న అడిగితే, ఆఫీసువాళ్ల మీదికి నెట్టేశాను. ఆ పట్వారీ మంచోడిలాగే ఉన్నాడు కదా అని ఆశ్చర్యపోయాడు. ఆయన మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయితే ఉద్యోగం పోగొట్టినందుకు కాదు. ఆ మాటల్లో ఒక్కటి, ఇన్నేళ్లలో ఒక్కసారి, నాతో అని ఉంటే ఆ మధ్యాహ్నం ఆయన్ని ఆపేవాణ్ణి.